హెచ్‌డబ్ల్యూమాన్3 నిన్నటిదాకా సీపీయూ, ఇవాళ ర్యామ్! ఈ పేర్లకి ఒక పద్ధతంటూ ఉందా?

గుంటూరు_ఘాటు
శనివారం నా లినక్స్ మెషీన్లో కొత్త కెర్నెల్ వేసుకున్నాను. ఆదివారం మధ్యాహ్నం వీడియో ఎన్‌కోడింగ్ పెట్టి భోజనానికి వెళ్లొచ్చేసరికి సిస్టమ్ నత్తనడక. క్యాబినెట్ మీద చెయ్యి పెడితే ఇస్త్రీపెట్టెలా కాలిపోతోంది. ఫ్యాన్ మాత్రం చప్పుడే లేకుండా తాపీగా తిరుగుతోంది.

ఫ్యాన్‌ని నడిపేది నేను రెండేళ్ల కిందట రాసుకున్న చిన్న షెల్ స్క్రిప్టు. కెర్నెల్ హార్డ్‌వేర్ సెన్సార్లని చూపించే సిస్/క్లాస్/హెచ్‌డబ్ల్యూమాన్ కింద హెచ్‌డబ్ల్యూమాన్3 ఫోల్డర్లో టెంప్1_ఇన్‌పుట్ అనే ఉష్ణోగ్రత ఫైలు చదువుతుంది. దాన్నిబట్టి హెచ్‌డబ్ల్యూమాన్2లో ఫ్యాన్ వేగం నిర్ణయించే పీడబ్ల్యూఎం2 ఫైలుకి 0 నుంచి 255 లోపు ఒక అంకె రాస్తుంది. ఇన్నాళ్లలో ఒక్కసారి కూడా తేడా రాలేదు. ఇప్పుడు లాగ్ తీసి చూస్తే గంటసేపూ 41250, 41500, 41250 ఇదే వరస. అంటే నలభై ఒక్క డిగ్రీలు. అక్కడ సీపీయూ ఉడికిపోతుంటే ఇక్కడ నలభై ఒకటి ఏంటి?

సెన్సార్ పోయిందా, బోర్డు పోయిందా, కెర్నెల్‌లో బగ్గా? ఇంటెల్ 12వ తరం, డీడీఆర్5 ర్యామ్ స్టిక్కులు రెండు, ఎన్‌వీఎంఈ డిస్కు ఒకటి. టెన్షన్‌తో ఫ్యాన్‌ని 255లో పెట్టుకుని కూర్చున్నాను.

తాటిముంజ
ముందు ఆ స్క్రిప్టు ఆపెయ్యండి. హెచ్‌డబ్ల్యూమాన్0 నుంచి చివరిదాకా ప్రతి ఫోల్డర్లోనూ నేమ్ అని ఒక ఫైలు ఉంటుంది. అన్నీ చదివి ఇక్కడ పెట్టండి.

రాత్రి_కంపైలర్
సెన్సార్ పోలేదు, కంగారు పడకండి. 41250 అనే అంకె చూడగానే విషయం తెలిసిపోయింది. సీపీయూ వేడి చదివే కోర్‌టెంప్ డ్రైవర్ ఎప్పుడూ పూర్తి డిగ్రీలే చెబుతుంది. మిల్లీడిగ్రీల్లో ఇస్తుంది కాబట్టి చివర మూడు సున్నాలు తప్పనిసరి. మీ అంకె పావు డిగ్రీ చొప్పున కదులుతోందంటే అది సీపీయూ కాదు, ఇంకేదో చిప్. డీడీఆర్5 అన్నారు కాబట్టి ర్యామ్ అనుకుంటున్నా.

గుంటూరు_ఘాటు
తాటిముంజ గారు అడిగినవి ఇవీ:
0 – ఏసీపీఐటీజెడ్
1 – ఎన్‌వీఎంఈ
2 – ఎన్‌సీటీ6798
3 – ఎస్‌పీడీ5118
4 – ఎస్‌పీడీ5118
5 – కోర్‌టెంప్

మునుపు 3లో ఉన్నది కోర్‌టెంపే, నాకు బాగా గుర్తు. ఈ ఎస్‌పీడీ5118 ఎక్కణ్నుంచి ఊడిపడింది? అదీ ఒకటి కాదు, రెండు!

తాటిముంజ
స్టిక్కులు రెండు కదా, అందుకే రెండు. డీడీఆర్5 స్టిక్కుల మీద ర్యామ్ వివరాలు దాచే ఎస్‌పీడీ హబ్ చిప్‌లోనే ఉష్ణోగ్రత సెన్సార్ కూడా ఉంటుంది. దాని డ్రైవర్ కెర్నెల్ 6.11లో వచ్చింది. మీరు పాత కెర్నెల్ నుంచి నేరుగా దూకారు కాబట్టి ఒక్కసారిగా కనబడింది.

రాత్రి_కంపైలర్
రెండేళ్లు తేడా రాలేదన్నారు చూడండి, ఇక్కడ ప్రమాదం అదే. ఆ 3 అనేది పేరు కాదు, టోకెన్ నంబరు. ఏ డ్రైవర్ ముందు లేచి నమోదు చేసుకుంటే దానికి ఖాళీగా ఉన్న అతి చిన్న అంకె ఇస్తారు. బ్యాంకులో టోకెన్ తీసుకున్నట్టే. నిన్న మీకు 3 వచ్చిందని రేపు కూడా అదే రావాలని లేదు. బూట్ అయ్యేటప్పుడు డ్రైవర్ మాడ్యూళ్లు ఇంచుమించు ఒకేసారి ఎక్కుతాయి, ఏది ముందు తెములుతుందో ఎవరూ చెప్పలేరు. మీ మెషీన్లో రెండేళ్లు అదే వరస నిలవడం అదృష్టం.

కెర్నెల్ మాట ఇచ్చేది నేమ్ ఫైలు విషయంలోనే. హెచ్‌డబ్ల్యూమాన్ పత్రాల్లో రాసే ఉంది, తప్పనిసరిగా ఉండాల్సిన ఫైలు అదొక్కటేనని. టెంప్ లేకపోవచ్చు, ఫ్యాన్ లేకపోవచ్చు, నేమ్ లేకుండా మాత్రం కుదరదు. స్క్రిప్టు మొదలవగానే అన్ని ఫోల్డర్లూ తిరిగి, నేమ్‌లో కోర్‌టెంప్ అని ఉన్నది పట్టుకోవాలి. అంకెని స్క్రిప్టులో ఎక్కడా రాయకూడదు.

బెజవాడ_బిట్లు
ఫ్యాన్‌కంట్రోల్ అనే రెడీమేడ్ స్క్రిప్టు వాడినవాళ్లకి ఈ బాధ ఎప్పటినుంచో తెలుసు. దాని కాన్ఫిగ్‌లో డెవ్‌పాత్, డెవ్‌నేమ్ అని రెండు లైన్లు ఉంటాయి. బూట్ అయ్యాక అవి సరిపోలకపోతే కాన్ఫిగ్ పాతబడింది, దాన్ని తయారుచేసే పీడబ్ల్యూఎంకాన్ఫిగ్ మళ్లీ నడుపు అని ఆగిపోతుంది. మొదట్లో విసుక్కునేదాన్ని. ఇప్పుడు గుంటూరు గారి సంగతి చదివాక అలా ఆగిపోవడమే నయమనిపిస్తోంది. తప్పు చిప్ చదివి ధీమాగా ఫ్యాన్ తగ్గించడం కంటే నడవనని మొరాయించడమే మేలు.

గుంటూరు_ఘాటు
ఇంకో అయోమయం ఉంది. ఫ్యాన్ చిప్ కోసం నేను ఎక్కించే డ్రైవర్ మాడ్యూల్ ఎన్‌సీటీ6775. నేమ్‌లో ఉన్నది ఎన్‌సీటీ6798. రెండిట్లో ఏది అసలు పేరు?

రాత్రి_కంపైలర్
రెండూ అసలువే, కాకపోతే ఒకటి ఇంటిపేరు, ఇంకోటి మనిషి పేరు. ఎన్‌సీటీ6775 డ్రైవర్ పేరు. ఆ డ్రైవర్ కింద 6776, 6779, 6791 ఇలా డజనుకి పైగా చిప్పులు నడుస్తాయి. నేమ్ ఫైల్లో ఉండాల్సింది డ్రైవర్ పేరు కాదు, చిప్ పేరు. మీ బోర్డు మీద టంకం వేసి ఉన్నది 6798 కాబట్టి అదే చెప్పింది.

కాకినాడ_కాజా
ఇదిగో, నాకు ఒళ్లు మండేది ఇక్కడే. డజను చిప్పులు నడిపే డ్రైవర్‌కి అందులో మొదటి చిప్ పేరు పెట్టడమేంటి? కొత్తవాడికి ఏం తెలుస్తుంది? ఎన్‌సీటీ67ఎక్స్‌ఎక్స్ అని పెడితే చూడగానే అర్థమవుతుంది కదా.

తాటిముంజ
కాజా గారూ, ఎక్స్‌ఎక్స్ పెడితే వచ్చే తంటా ఏంటో ఐఎన్‌ఏ2ఎక్స్‌ఎక్స్‌ని చూస్తే తెలుస్తుంది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల కరెంటు, పవర్ కొలిచే చిప్పుల డ్రైవర్ అది. పేరు చూస్తే 200 నుంచి 299 దాకా అన్నీ దానివే అనుకుంటాం. అది నడిపేవి 219, 220, 226 లాంటి కొన్నే. ఐఎన్‌ఏ209కి వేరే డ్రైవర్. ఐఎన్‌ఏ238కి ఇంకో వేరే డ్రైవర్. రెండూ 2తోనే మొదలవుతాయి, రెండూ ఆ ఎక్స్‌ఎక్స్‌లో ఇమడవు. కంపెనీ వాళ్లు రేపు విడుదల చేసే చిప్‌కి ఏ అంకె వేస్తారో, లోపల రిజిస్టర్లు, అంటే చిప్ అంకెలు దాచే అరలు, ఎలా పేరుస్తారో మన చేతిలో లేదు. ఎక్స్ అని రాయడమంటే ఇంకా పుట్టని పిల్లల తరఫున కూడా మాట ఇచ్చెయ్యడమే.

కాకినాడ_కాజా
సరే, అది ఒప్పుకుంటా. కానీ ఉష్ణోగ్రత చిప్పుల డ్రైవర్ ఎల్‌ఎం90 సంగతేంటి? దాని కింద వేరే కంపెనీల చిప్పులు కూడా ఉన్నాయి, అంకెలకి పొంతనే లేదు.

తాటిముంజ
అందుకే అది మంచి పేరు. ఎల్‌ఎం90 అంటే ఎల్‌ఎం90, దాంతో పొసిగేవి. మ్యాక్సిమ్ చిప్ అయినా, అనలాగ్ డివైసెస్ చిప్ అయినా రిజిస్టర్లు దానిలాగే ఉంటే ఆ డ్రైవర్లోకి చేరుతుంది. ఏవేం చేరాయో డాక్యుమెంటేషన్/హెచ్‌డబ్ల్యూమాన్‌లో ఆ డ్రైవర్ పేజీలో జాబితా ఉంటుంది. పేరు ఊహించుకోమనదు, వెళ్లి చదువుకోమంటుంది.

చిప్_చిన్నోడు
ఎక్స్‌ఎక్స్ మాటెత్తారు కాబట్టి నా అనుభవం చెబుతా. ఎంటెక్ ప్రాజెక్టుకి ఒక పవర్ మానిటర్ చిప్ ఇచ్చారు, కెర్నెల్‌లో డ్రైవర్ లేదు. మూడు నెలలు కూర్చుని రాసి మెయిలింగ్ లిస్టుకి పంపాను. నాలుగు అంకెల చిప్‌కి చివరి రెండు ఎక్స్‌లు చేసి ఫైలు పేరు పెట్టాను. నేమ్‌లో కంపెనీ పేరు, అడ్డగీత, చిప్ పేరు. చూడ్డానికి అందంగా ఉందనుకున్నా.

రెండూ తిప్పి పంపారు. ఎక్స్‌లు తీసి, నీ దగ్గరున్న చిప్ పేరే పూర్తిగా పెట్టమన్నారు. ఇక అడ్డగీత అయితే పంపకముందే కనబడాల్సింది. మాడ్యూల్ ఎక్కించినప్పుడల్లా ఇది చెల్లే నేమ్ కాదు, సరిచెయ్యండి అని కెర్నెల్ లాగ్‌లో హెచ్చరిక పడుతూనే ఉంది. నేను ఆ లాగ్ చూపే డీమెసేజ్‌లో మిగతా లైన్లే చూసుకుంటూ దాన్ని దాటేశా.

గుంటూరు_ఘాటు
అడ్డగీతతో ఏంటి సమస్య?

చిప్_చిన్నోడు
సెన్సార్లన్నీ చూపించే సెన్సార్స్ కమాండ్ కొడితే ఏం వస్తుంది? మీ మెషీన్లో కోర్‌టెంప్-ఐఎస్‌ఏ-0000 అని ఉంటుంది. మొదటి ముక్క నేమ్, రెండోది బస్, అంటే చిప్‌ని కలిపే దారి, మూడోది అడ్రస్. మూడింటినీ విడదీసేది అడ్డగీతే. నేమ్‌లోనే అడ్డగీత ఉంటే ఎక్కడ తెంపాలి? నక్షత్రం గుర్తు కూడా అంతే. కాన్ఫిగ్ ఫైల్లో ఎన్‌సీటీ6798-* అని రాస్తే ఏ అడ్రస్‌లో ఉన్నా సరే అని అర్థం. కాబట్టి నక్షత్రం పనికిరాదు, ఖాళీ జాగా పనికిరాదు. అన్నీ చిన్నక్షరాలు, పొట్టి పేరు. మా గైడ్ గారు ఇది విని, ఇంతకంటే బారసాలలో పేరు పెట్టడం తేలిక అన్నారు.

మెదక్_మదర్‌బోర్డు
అయితే కోర్సేర్ పవర్ సప్లై డ్రైవర్‌కి కోర్సేర్-పీఎస్‌యూ అని అడ్డగీత ఎట్లుంది?

చిప్_చిన్నోడు
అది ఫైలు పేరు, మాడ్యూల్ పేరు. అక్కడ ఫర్వాలేదు. మాడ్యూళ్లు ఎక్కించే మోడ్‌ప్రోబ్‌కి అడ్డగీత అయినా అండర్‌స్కోర్ అయినా ఒకటే. నేమ్ ఫైల్లో మాత్రం కోర్సేర్‌పీఎస్‌యూ అని కలిపేసి ఉంటుంది, తెరిచి చూడండి.

మెదక్_మదర్‌బోర్డు
చూసిన. నిజమే, కలిపే ఉంది. ఇన్నేండ్లు గమనించనే లేదు.

గోదారి_గట్టు
నా రాస్ప్‌బెరీ పైలో కూడా ఇదే చూశా. కెర్నెల్ ఉష్ణోగ్రతలు చూపే ఇంకో చోటైన థర్మల్ జోన్‌లో టైప్ చూస్తే సీపీయూ-థర్మల్, అడ్డగీతతో. అదే హెచ్‌డబ్ల్యూమాన్ వైపు నేమ్ చూస్తే సీపీయూ_థర్మల్, అండర్‌స్కోర్‌తో. రెండూ వేర్వేరు సెన్సార్లు అనుకుని రెండింటి గ్రాఫులూ గీశా. గీతలు ఒకదాని మీద ఒకటి అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి.

రాత్రి_కంపైలర్
ఒకటే సెన్సార్. థర్మల్ వైపు నుంచి హెచ్‌డబ్ల్యూమాన్‌కి అప్పగించేటప్పుడు కెర్నెలే అడ్డగీతని అండర్‌స్కోర్ చేస్తుంది, చిన్నోడు చెప్పిన కారణానికే.

కాకినాడ_కాజా
మీరంతా డ్రైవర్ రాసేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు. వాడేవాడి వైపు నుంచి చూడండి. మా నాన్నగారి మెషీన్లో సెన్సార్స్ కొడితే సిస్‌టిన్, సీపీయూటిన్, ఆక్స్‌టిన్0 నుంచి 3 దాకా. అందులో ఒకటి 127 డిగ్రీలు చూపిస్తోంది. ఆయన భయపడి వైరు పీకేసి నాకు ఫోన్ చేశారు. ఏంటీ ఆక్స్‌టిన్? బోర్డులో అది ఎక్కడుంది? పేరు పెట్టడమంటే అవతలివాడికి అర్థం కావాలి కదా. వీఆర్ఎం (సీపీయూకి కరెంటు సర్దే భాగం) అనో, ముందు ఫ్యాన్ అనో రాయడానికి ఏం అడ్డం?

బెజవాడ_బిట్లు
ఆ 127 నాకూ ఉంది. ఆ కాలికి ఏమీ తగిలించి ఉండదు, గాలిలో వేలాడుతున్న పిన్ను. నాన్నగారికి ధైర్యం చెప్పండి.

రాత్రి_కంపైలర్
కాజా గారి కోపం న్యాయమైనదే, దీనికి జవాబు దాటెయ్యకూడదు.

ఆక్స్‌టిన్ అనేది చిప్ డేటాషీట్‌లో పిన్ను పేరు. డ్రైవర్‌కి తెలిసింది అంతే. ఆ పిన్ను నుంచి రాగి దారి వీఆర్ఎం దగ్గరికి వెళ్లిందా, చిప్‌సెట్ దగ్గరికి వెళ్లిందా, ఎక్కడికీ వెళ్లలేదా అన్నది బోర్డు గీసినవాళ్లకే తెలుసు. ఒకే 6798ని ఒక బోర్డులో ఒకలా, ఇంకో బోర్డులో ఇంకోలా కలుపుతారు. తెలియనిదాన్ని తెలిసినట్టు వీఆర్ఎం అని రాసేస్తే అది అబద్ధం అవుతుంది. ఆ అబద్ధాన్ని నమ్మి ఎవరో ఫ్యాన్ తగ్గిస్తారు, గుంటూరు గారికి జరిగిందే మళ్లీ జరుగుతుంది.

అందుకే ఆ పని యూజర్ వైపు వదిలారు. ఈటీసీ/సెన్సార్స్.డీ కింద చిన్న ఫైలు పెట్టి, చిప్ పేరు రాసి, కింద లేబుల్ టెంప్2కి మీకు నచ్చిన పేరు, ఇగ్నోర్ టెంప్4 అని రాసుకోవచ్చు. తెలుగులో పేరు పెట్టినా చూపిస్తుంది, నేను పెట్టుకున్నా. ఇగ్నోర్ ఒక్క లైను రాసిస్తే నాన్నగారికి ఆ 127 మళ్లీ కనబడదు.

కాకినాడ_కాజా
ఒక్కో బోర్డుకి ఒక్కొక్కరు కూర్చుని రాసుకోవాలా? బోర్డు తయారుచేసిన వాళ్లే ఆ వివరం బయటపెడితే ఒక్కసారితో పోతుంది కదా. ఈ విషయంలో నేను మారను.

రాత్రి_కంపైలర్
అందులో మీతోనే ఉన్నాను.

పాలమూరు_పింగ్
ఏఎండీ సీపీయూల వేడి చదివే కే10టెంప్ గురించి ఎవరూ మాట్లాడలేదేం? ఏఎండీ ఫ్యామిలీ 10హెచ్ కాలంలో పెట్టిన పేరు, ఇవాళ రైజెన్‌లు కూడా దానికిందే. నా కొత్త ప్రాసెసర్‌కి నేమ్‌లో కే10టెంప్ అని ఉంటే తాత పేరు మనవడికి పెట్టినట్టుంది.

తాటిముంజ
తాత పేరు మనవడికి పెట్టడం మన ఇళ్లలో మామూలే కదండీ 🙂 సీరియస్‌గా చెప్పాలంటే ఆ నేమ్‌ని నమ్ముకుని ఎన్ని స్క్రిప్టులు, ఎన్ని ప్యానెల్ అప్లెట్లు నడుస్తున్నాయో లెక్కలేదు. పేరు పాతబడిందని మారిస్తే అవన్నీ ఒక్కరోజులో కూలతాయి. గుంటూరు గారికి ఇప్పుడు చెబుతున్న సలహా కూడా నేమ్‌ని నమ్ముకోమనే కదా. నమ్మమన్నాక మార్చకూడదు.

మెదక్_మదర్‌బోర్డు
డెల్ ల్యాప్‌టాప్‌ల డ్రైవర్‌కి మార్చిన్రు కదా? పాతపేరు ఐ8కే, ఇప్పుడు డెల్-ఎస్‌ఎంఎం-హెచ్‌డబ్ల్యూమాన్.

తాటిముంజ
మార్చారు, 2015లో క్యారెక్టర్ డ్రైవర్ల ఫోల్డర్ నుంచి హెచ్‌డబ్ల్యూమాన్‌లోకి తెచ్చినప్పుడు. ఐ8కే అనేది ఒక పాత ఇన్‌స్పైరాన్ మోడల్ వల్ల వచ్చిన పేరు, తర్వాత ఎన్నో మోడళ్లకి పాకింది. కానీ ఐ8కే అని మోడ్‌ప్రోబ్ కొట్టినా ఎక్కేలా పాతపేరుని అలియాస్‌గా ఉంచారు. మాడ్యూల్ పేరుకి ఆ సౌకర్యం ఉంది. నేమ్ ఫైలుకి అలియాస్ ఉండదు, ఒక్కటే లైను.

గోదారి_గట్టు
కంపెనీలు చేతులు మారినా పేర్లు మారవు. ఎల్‌ఎం75 ఉష్ణోగ్రత చిప్ నేషనల్ సెమీకండక్టర్‌ది, ఆ కంపెనీని 2011లో టెక్సస్ కొనేసింది. డ్రైవర్ ఇప్పటికీ ఎల్‌ఎం75యే. విన్‌బాండ్ సెన్సార్ చిప్పుల పేర్లు డబ్ల్యూ83తో మొదలయ్యేవి. 2008లో ఆ విభాగం నువోటాన్‌గా విడిపోయాక వచ్చినవాటికి ఎన్‌సీటీ. అలా ఈ పేర్ల వరస చదువుతుంటే చిప్ కంపెనీల వంశవృక్షం కనబడుతుంది. నాకైతే ఇందులో ఏ అక్షరం చెరిపినా బాధగానే ఉంటుంది.

పాలమూరు_పింగ్
ఒకే పేరుతో రెండుంటే ఎట్లా? నాకు ఎన్‌వీఎంఈలు రెండు, రెండింటి నేమ్ కూడా ఎన్‌వీఎంఈనే.

రాత్రి_కంపైలర్
ఆ ఫోల్డర్లో డివైస్ అనే లింకు ఉంటుంది, దాని వెంట వెళ్లండి. అక్కడ మోడల్, సీరియల్ అని ఫైళ్లు కనబడతాయి. సీరియల్‌తో పోల్చుకుంటే ఏ స్లాట్‌లోకి మార్చినా దొరుకుతుంది. ఫ్యాన్ చిప్‌కైతే ఇంకో దారి కూడా ఉంది, ప్లాట్‌ఫామ్ ఫోల్డర్లో ఎన్‌సీటీ6775.656 అని ఉంటుంది, దాని కింద హెచ్‌డబ్ల్యూమాన్ వెతకడం. ఆ 656 కూడా ఊరికే వచ్చిన అంకె కాదు. సెన్సార్స్ కమాండ్ ఎన్‌సీటీ6798-ఐఎస్‌ఏ-0290 అంటుంది చూడండి, ఆ హెక్స్ 290ని మామూలు అంకెల్లోకి మారిస్తే 656.

చిప్_చిన్నోడు
అయ్య బాబోయ్, ఆ 656 ఏంటా అని ఏడాదిగా అనుకుంటున్నా! రెండు 256లు, తొమ్మిది 16లు. సరిగ్గా 656.

బెజవాడ_బిట్లు
గుంటూరు గారూ, స్క్రిప్టు తిరగరాసేటప్పుడు ఒకటి మర్చిపోకండి. కోర్‌టెంప్ అసలు కనబడకపోతే ఏం చెయ్యాలో కూడా రాయండి. పీడబ్ల్యూఎం2_ఎనేబుల్‌లో 1 ఉన్నంతసేపూ ఫ్యాన్ భారం మీ స్క్రిప్టుదే. ఈ ఎన్‌సీటీ చిప్పుల్లో 5 రాస్తే స్మార్ట్‌ఫ్యాన్ 4, అంటే చిప్పే చూసుకుంటుంది. స్క్రిప్టుకి దారి తెలియనప్పుడు 5 రాసి తప్పుకోవాలి.

గుంటూరు_ఘాటు
రాశాను. ఇప్పుడు అంకెలు ఎక్కడా లేవు. నేమ్ కోర్‌టెంప్ అయి, టెంప్1_లేబుల్ ప్యాకేజ్ ఐడీ 0 (మొత్తం సీపీయూ) అయితేనే చదువుతుంది. ఏది తేడా ఉన్నా 5 రాసి ఆగిపోతుంది, బిట్లు గారు చెప్పినట్టు.

నమ్మకం కుదరక పరీక్ష కూడా పెట్టాను. కోర్‌టెంప్‌ని, ఎస్‌పీడీ5118ని రెండింటినీ దింపేశాను. అప్పుడు స్క్రిప్టు పెడితే 5 రాసి బయటికొచ్చింది, ఫ్యాన్‌ని చిప్ అందుకుంది. మళ్లీ కోర్‌టెంప్‌ని ముందు ఎక్కించాను, తన పాత 3లోనే వచ్చి కూర్చుంది. తర్వాత ర్యామ్‌వి ఎక్కిస్తే 4, 5 అయ్యాయి. రీబూట్ చేస్తే ఈసారి కోర్‌టెంప్ 4. మూడుసార్లు మూడు చోట్ల. ఇప్పుడు అదే వీడియో ఎన్‌కోడింగ్ నడుస్తోంది, ఫ్యాన్ హోరు పక్క గదిలోకి వినబడుతోంది. లాగ్ ముందే కూర్చున్నాను. 71000, 73000, 72000. చివర మూడు సున్నాలు.